బాగు చేయిద్దామా, వదిలేద్దామా?

అమెరికాలో పాత కారుకు దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ వేసే లెక్క ఒకటి, ఇంట్లో కూర్చుని మనం వేసుకోవాల్సిన లెక్క ఇంకొకటి

డాలస్ నుంచి ఐ-35 మీద ఉత్తరానికి గంటంపావు పోతే రెడ్ రివర్ వస్తుంది. అవతలి ఒడ్డు ఓక్లహామా. విన్‌స్టార్ క్యాసినో పుణ్యమా అని డాలస్ తెలుగువాళ్లలో చాలామందికి ఈ దారి కొట్టినపిండే, ఎవరూ ఒప్పుకోరు గానీ. ఏటికి ఇవతల రిజిస్టరైన ఒక 2018 కరోలా, అవతల రిజిస్టరైన ఇంకో 2018 కరోలా అచ్చం ఒకేలా దెబ్బతిన్నాయనుకుందాం. దెబ్బకు ముందు మార్కెట్లో ఒక్కోటి 12,000 డాలర్లు పలికేది. బాడీ షాపులో ఎస్టిమేట్ 8,000 వేశారు. ఓక్లహామా చట్టం ప్రకారం మరమ్మతు ఖర్చు కారు విలువలో 60 శాతం దాటితే అది సాల్వేజ్ బండి, అంటే తుక్కు కింద లెక్క. కాబట్టి అవతలి కరోలా పని అయిపోయింది. టెక్సస్‌లో ఆ గీత 100 శాతం దగ్గర ఉంది. ఇవతలి కరోలా చట్టం దృష్టిలో ఇంకా కారే. దెబ్బ ఒకటే, ఎస్టిమేట్ ఒకటే, ఏరు దాటేసరికి బండి జాతకం మారిపోయింది.

న్యూయార్క్‌లో 75 శాతం, ఫ్లోరిడాలో 80. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్, జార్జియాల్లో శాతం గొడవే లేదు. అక్కడ మరమ్మతు ఖర్చుకు, దెబ్బతిన్న కారును తుక్కు కింద అమ్మితే వచ్చే ధరను కలుపుతారు. ఆ మొత్తం కారు విలువకు సమానమైనా, మించినా కారు 'టోటల్' అయినట్టే. 'టోటల్' అనగానే చాలామంది కారు నుజ్జయిందనుకుంటారు. చాలాసార్లు అలాంటిదేమీ ఉండదు. అది కంపెనీ డబ్బు గురించి చెప్పే మాట, ఇంజిన్ గురించి కాదు. ఈ కథనం చెప్పదలచుకున్నది కూడా ఆ ఒక్క సంగతే. బాగు చేయిస్తే మాకు గిట్టుబాటవుతుందా అన్నది కంపెనీ ప్రశ్న. ఈ కారు పోతే ఇంత నమ్మకమైన బండి నాకు ఎంతకు దొరుకుతుంది అన్నది మన ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి కూడా జవాబని ఒప్పేసుకోవడంలోనే చాలామంది నష్టపోతున్నారు.

ఇది కొద్దిమంది సమస్య కూడా కాదు. అమెరికా రోడ్ల మీద తిరిగే బండ్ల సగటు వయసు 2025లో 12.8 ఏళ్లని ఎస్ అండ్ పీ గ్లోబల్ మొబిలిటీ లెక్కతేల్చింది. ఇటీవలి ఏళ్లలో క్లెయిముకు వచ్చిన కార్లలో దాదాపు ఐదింట ఒకటి టోటల్ అవుతోంది. ఇక 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో మన పిల్లలు ఎందరో, వాళ్లు నడిపే కార్లు ఎలాంటివో వేరే చెప్పక్కర్లేదు. సీనియర్ ఉద్యోగం వచ్చి ఊరు మారుతూ జూనియర్‌కు అమ్మి వెళ్లిన కామ్రీ, ఆ జూనియర్ మళ్లీ తన రూమ్మేటుకు అమ్మిన కామ్రీ.

కంపెనీ ఎందుకు తొందరపడుతుంది

టెక్సస్‌లో గీత 100 శాతం దగ్గరుంది కదా అని అక్కడి కంపెనీలు 99 శాతం దాకా డబ్బు పోసి బాగు చేయిస్తాయనుకుంటే పొరపాటు. టైటిల్‌ను, అంటే బండి యాజమాన్య పత్రాన్ని, ఎప్పుడు సాల్వేజ్‌గా మార్చి తీరాలో మాత్రమే చట్టం చెబుతుంది. అంతకన్నా ముందే చేతులెత్తేసే వీలు కంపెనీకి ఉంది. మన కరోలానే చూద్దాం. విలువ 12,000, మరమ్మతు 8,000. దెబ్బతిన్న బండిని వేలంలో అమ్మితే కంపెనీకి 3,000 వస్తుంది. బాగు చేయిస్తే 8,000 ఖర్చు. టోటల్ చేస్తే 12,000 మనకిచ్చి 3,000 రాబట్టుకుంటుంది, అంటే 9,000 ఖర్చు. కాగితం మీద బాగు చేయించడమే వెయ్యి డాలర్లు లాభం. కానీ కంపెనీ చాలాసార్లు ఆ దారి పట్టదు. బంపర్ విప్పాక లోపల రేడియేటర్ సపోర్ట్ వంగి ఉంటుంది, ఎక్కడో బ్రాకెట్ విరిగి ఉంటుంది. బాడీ షాపు రెండో ఎస్టిమేట్ పంపుతుంది. దాన్నే సప్లిమెంట్ అంటారు. అది 1,200 అయిందంటే లెక్క తిరగబడింది. ఈలోపు మనకు అద్దె కారు కవరేజీ ఉంటే రోజుల లెక్కన ఆ ఖర్చు కూడా వాళ్లదే. అందుకే నష్టం అంచనా వేసే కంపెనీ మనిషి, అడ్జస్టర్, అనుభవం మొదటి ఎస్టిమేట్‌ను ఉన్నదున్నట్టు నమ్మదు.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే పాత కారు విషయంలో ఇక చర్చే ఉండదు. బ్యాగులు, సీటు బెల్టుల్లో ఉండే టెన్షనర్లు, కంట్రోల్ మాడ్యూల్, పగిలిన డ్యాష్‌బోర్డు అన్నీ కలిపితే పదేళ్లు దాటిన బండి విలువలో పెద్ద ముక్క అక్కడికే చెల్లు.

ఇదంతా విన్నవాళ్లకు విజయవాడ ఆటోనగర్ గుర్తురాక మానదు. అక్కడైతే టింకరింగ్ మేస్త్రీ నలిగిన డోరును సుత్తితో సాగదీసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి వారంలో చేతిలో పెడతాడు. అమెరికాలో డోరు సాగదీసే మనిషి గంట కూలి కన్నా ఇంకో డోరే చవక. ఆ డోరు కూడా పాత కారు విలువతో పోలిస్తే ప్రియమైతే, కారే చవక అన్నమాట. ఇక్కడ బాగుచేయడానికి పనికిరాదన్న కార్లు నిజంగా పనికిరానివైతే వాటిని వేలంలో ఎవరూ కొనరు. కొంటున్నారు. 1982లో కాలిఫోర్నియాలోని వల్లేహోలో ఒక తుక్కు యార్డుగా మొదలైన కోపార్ట్ ఇప్పుడు డాలస్ కేంద్రంగా నడుస్తున్న పెద్ద కంపెనీ. ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన కార్లను ఆన్‌లైన్‌లో వేలం వేయడమే దాని వ్యాపారం. అలా అమ్ముడైన బండ్లలో బోలెడన్ని ఓడలెక్కి గల్ఫ్‌కు, నైజీరియాకు, జార్జియా దేశంలోని రుస్తావి సంతకు చేరుతాయి. కూలి చవకైన చోట వాటిని బాగుచేస్తారు, మళ్లీ రోడ్డెక్కిస్తారు.

విలువ కట్టింది ఎవరు

మన దేశంలో పాలసీ తీసుకునేటప్పుడే ఐడీవీ అని బండికి ముందే ఒప్పుకున్న బీమా విలువ ఒకటి రాసుకుంటాం. ఏడాది దాటిన బండికి ఇంత తరుగు, ఐదేళ్లకు సగం అని పట్టిక ఉంటుంది. మరమ్మతు ఆ ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు విజయవాడలో బండ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు ఈ అంకె బాగా తెలిసొచ్చింది. అది తక్కువని గొణుక్కున్నా, ముందే తెలిసిన అంకె.

అమెరికాలో అలా కాదు. మామూలు పాలసీలో అంకె ఉండదు. దెబ్బ తగిలిన క్షణానికి ముందు మార్కెట్లో ఆ కారు ఎంత పలికేదో ఆ మొత్తం ఇస్తామని మాత్రమే రాస్తారు. ఆ విలువను దెబ్బ తగిలాక కడతారు. కట్టేది కూడా డబ్బు ఇవ్వాల్సిన వాళ్లే, లేదా వాళ్లు పెట్టుకున్న సీసీసీ, మిచెల్ లాంటి సంస్థల సాఫ్ట్‌వేర్. మీ ఊరి చుట్టుపక్కల అమ్మకానికున్న అలాంటి కార్లను తీసుకుని, మైలేజీకి ఇంత, కండిషన్‌కు ఇంత అని కూడికలు తీసివేతలు చేసి ఒక రిపోర్టు ఇస్తుంది. బేరమాడితే ఇంకొంచెం తగ్గేది కదా అని ఊహించి ప్రకటన ధరలోంచి కోసేసే పద్ధతి మీద అమెరికా కోర్టుల్లో క్లాస్ యాక్షన్ దావాలు నడిచాయి.

కాబట్టి ఆ రిపోర్టు మొత్తం అడిగి తెప్పించుకోవాలి. ఫోన్లో చెప్పిన అంకెకు 'ఓకే' అనేయకూడదు. తప్పులు దొరికే చోట్లు తెలిసినవే. మీది ఎక్స్ఎల్ఈ ట్రిమ్ అయితే ఎల్ఈ అని రాసి ఉంటుంది. సన్‌రూఫ్ లేదంటుంది. మైలేజీ తేడా పడుతుంది. పోల్చిన కారు వంద మైళ్ల అవతల ఉంటుంది, లేదా దానికి పాత యాక్సిడెంట్ చరిత్ర ఉంటుంది. మీరు చూపించాల్సింది కెల్లీ బ్లూ బుక్ అంకె కాదు. 1926 నుంచి ఉన్న పేరే అయినా అడ్జస్టర్లు దానికి పెద్దగా లొంగరు. అదే ఏడాది, అదే ట్రిమ్, దగ్గర మైలేజీ ఉన్న మూడు నాలుగు కార్లు మీ చుట్టుపక్కల డీలర్ల దగ్గర ఇప్పుడు ఏ ధరకు ఉన్నాయో ఆ ప్రకటనలను విన్ (బండి గుర్తింపు) నంబర్లతో సహా పంపండి. ఈమధ్యే టైర్లు వేయించి ఉంటే, ట్రాన్స్‌మిషన్ మార్పించి ఉంటే ఆ రసీదులు జత చేయండి. రసీదుకు రసీదంత డబ్బు రాదు, కానీ కండిషన్ కింద కోసిన కోత తగ్గుతుంది. అమ్మకపు పన్ను, టైటిల్ ఫీజులు కలిపారో లేదో కూడా చూడండి. కాలిఫోర్నియాలో వాటిని కలిపి తీరాలని నిబంధనే ఉంది.

అప్పటికీ కుదరకపోతే చాలా పాలసీల్లో అప్రైజల్ అనే ఏర్పాటు ఉంటుంది. మీరొక నిపుణుణ్ణి, కంపెనీ ఒక నిపుణుణ్ణి పెట్టుకుంటారు. ఇద్దరికీ ఒప్పందం కుదరకపోతే మూడో మనిషి తేలుస్తాడు. తేడా రెండు మూడు వేలయితే సరే. మూడొందల డాలర్ల కోసమైతే నిపుణుడి ఫీజుకే అది చాలదు, ఆ దారి వద్దు.

ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన మొదటి కారు అన్న సెంటిమెంటుకు ఈ రిపోర్టులో గడి లేదు. ఉండాలని కూడా అనను.

వడగళ్ల కార్లు

పాత కారు బాగు చేయించాలా వద్దా అన్న ప్రశ్న బాగా చిక్కుబడేది డాలస్ - ఫోర్ట్‌వర్త్ చుట్టూ వసంతకాలంలో. 1995 మే 5న ఫోర్ట్‌వర్త్ మేఫెస్ట్ జాతర మీద సాఫ్ట్‌బాల్ అంత వడగళ్లు పడ్డాయి. నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. 2016 ఏప్రిల్ 11న వైలీ పట్టణం వంతు. ఇళ్ల కప్పులు చిల్లులు పడ్డాయి, కార్ల అద్దాలు పొడిపొడి అయ్యాయి. వైలీ, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ అన్నీ తెలుగు కుటుంబాలు గూడు కట్టుకున్న ఊళ్లే. ఇర్వింగ్ అపార్టుమెంట్లలో కప్పున్న పార్కింగ్ అందరికీ దొరకదు. ఫ్రిస్కో ఇళ్లకు రెండు కార్ల గరాజ్ ఉంటుంది గానీ, అందులో బియ్యం బస్తాలు, ఇండియా సూట్‌కేసులు, బతుకమ్మ నాటి డెకరేషన్ సామాన్లు ఉంటాయి. కార్లు ఆరుబయటే.

వడగళ్ల దెబ్బ చిత్రమైంది. బానెట్, టాప్, డిక్కీ నిండా వందల సొట్టలు పడతాయి. ఇంజిన్‌కు ఏమీ కాదు, చక్రాల అలైన్‌మెంట్ చెదరదు, ఎయిర్‌బ్యాగు తెరుచుకోదు. సొట్టలను వెనక నుంచి సన్నని ఇనుప కడ్డీలతో నొక్కి తీసే నిపుణులు ఉన్నారు. రంగు చెడకుండా తీయొచ్చు. కానీ సొట్టకింత చొప్పున కడితే 2013 కామ్రీకి కూడా ఆరువేలవుతుంది. ఆ కారు విలువ 7,000 అనుకోండి, వేలం ధర 1,800. రెండూ కలిపితే దాటిపోయింది. పొద్దున ఆఫీసుకు నడిపి వెళ్లిన కారు సాయంత్రానికి టోటల్.

ఇలాంటి కారును కంపెనీకి అప్పగించేయడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది. కంపెనీని ఒక మాట అడగొచ్చు, కారు నేనే ఉంచుకుంటాను అని. అప్పుడు విలువలోంచి వేలం ధరను, డిడక్టబుల్‌ను (మనం భరించాల్సిన వాటాను) తీసేసి మిగతాది ఇస్తారు. డిడక్టబుల్ 500 అయితే 4,700 డాలర్లు చేతికొస్తాయి, కారు మనింట్లోనే ఉంటుంది. అదే 7,000 లోంచి 500 పోను 6,500 పుచ్చుకుని బజారుకెళ్తే, ఆ డబ్బుకు దొరికేది ఎవరు ఎలా నడిపారో తెలియని కారు. మన కామ్రీ ఆయిల్ ఎప్పుడు మార్చామో మనకు తెలుసు.

మరి టైటిల్ సంగతి? ఇక్కడ టెక్సస్ చట్టం కలిసొస్తుంది. సాల్వేజ్ లెక్క కట్టేటప్పుడు వడగళ్ల మరమ్మతు ఖర్చును అక్కడ కలపరు. దెబ్బ వడగళ్లది మాత్రమే అయితే కంపెనీ టోటల్ కింద డబ్బిచ్చినా టైటిల్ మామూలుగానే ఉండొచ్చు. వేరే రాష్ట్రాల్లో ఇలా ఉండకపోవచ్చు కాబట్టి, కారు ఉంచుకుంటామని సంతకం పెట్టే ముందు అడ్జస్టర్‌ను ఈ ఒక్క ప్రశ్న ఈమెయిల్లో అడిగి జవాబు రాతలో తీసుకోవాలి.

గుద్దిన కారు ఉంచుకుంటే

ఢీకొన్న కారు సంగతి ఇంత సులువు కాదు. చట్టం గీసిన గీత దాటిన కారును ఉంచుకుంటే సాల్వేజ్ టైటిల్ వస్తుంది. ఆ కాగితంతో రోడ్డు మీద నడపడానికి వీల్లేదు. బాగు చేయించి, రాష్ట్రం అడిగిన ఫారాలు, తనిఖీలు పూర్తి చేస్తే రీబిల్ట్ టైటిల్ ఇస్తారు. అప్పుడు కూడా కొన్ని కంపెనీలు ఎదుటివాళ్ల నష్టమే భరించే లయబిలిటీ పాలసీ మాత్రమే రాస్తాయి. మళ్లీ దెబ్బ తగిలితే ఏమీ రాదు. అమ్మబోతే మామూలు టైటిల్ కారుకన్నా బాగా తక్కువకు అడుగుతారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డోరు, ఫెండర్, బంపర్, లైటు, ఇలా బోల్టు విప్పి మార్చే ముక్కలకే దెబ్బ పరిమితమైతే, నమ్మకమైన షాపు తెలిసి ఉంటే, ఇంకో నాలుగేళ్లు అదే కారు నడపాలనుకుంటే ఉంచుకోవడం గిట్టుబాటే. చట్రానికి దెబ్బ తగిలినా, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నా డబ్బు తీసుకుని దండం పెట్టేయండి. చవక ఎయిర్‌బ్యాగుల కథ మామూలుది కాదు. నాసిరకం ఇన్‌ఫ్లేటర్లు బిగించిన కార్లలో అంతకుముందు తొమ్మిది నెలల్లో ముగ్గురు చనిపోయారని, ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారని 2024 జూలైలో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ హెచ్చరిక జారీచేసింది. అవి ఒకసారి గుద్దుకుని, తర్వాత చవకగా బాగైన కార్లు. రీబిల్ట్ టైటిల్ కారు సగం ధరకు వస్తోందని వాట్సాప్ గ్రూపులో ప్రకటన చూసి ఉబలాటపడే జూనియర్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలి.

ఎస్టిమేట్ గీత దాటీ దాటనట్టు ఉంటే ఇంకో ఉపాయం ఉంది. కొత్త ఒరిజినల్ ముక్కల బదులు వేరే కంపెనీ తయారుచేసినవో, తుక్కు యార్డు నుంచి తెచ్చిన మంచి పాత ముక్కలో వేసి ఎస్టిమేట్ తిరగరాయమని షాపును అడగొచ్చు. పదేళ్ల కారుకు పదేళ్ల డోరు వేస్తే నామోషీ ఏమీ లేదు. ఏ షాపులో చేయించుకోవాలన్నది టెక్సస్‌లోనూ, చాలా రాష్ట్రాల్లోనూ మన ఇష్టమే. కంపెనీ తన షాపు పేరు చెప్పొచ్చు గానీ బలవంతపెట్టడానికి లేదు. ఈ ఊగిసలాటలో కారును టో యార్డులో వదిలేయకండి. అక్కడ రోజుకింతని అద్దె పడుతుంది. కంపెనీ ఆఫర్ ఇచ్చిన కొద్దిరోజులకే ఆ అద్దె కట్టడం ఆపేస్తుంది.

కాలిఫోర్నియా ప్రియస్ యజమానులది మరో రకం బాధ. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో రోడియం అనే లోహం ఉంటుంది. 2021లో దాని ధర ఔన్సు 29,000 డాలర్ల దాకా ఎగబాకింది. దొంగలు రాత్రిపూట పాత ప్రియస్‌ల కిందికి దూరి నిమిషాల్లో కోసుకుపోయారు. కొత్తది వేయాలంటే కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలకు సరిపడేదే వేయాలి, అది వేలల్లో ఉంటుంది. పాత ప్రియస్ విలువే ఐదారు వేలైనప్పుడు దొంగ ఎత్తుకుపోయిన ఒక్క ముక్కతో కారంతా టోటల్ అయిన సందర్భాలున్నాయి.

అసలు క్లెయిమ్ వేయాలా

ఇంతకీ ఇవన్నీ ఎవరికి వర్తిస్తాయంటే, పాలసీలో కొలిజన్ (గుద్దుకున్న నష్టానికి), కాంప్రహెన్సివ్ (వడగళ్లు, దొంగతనం లాంటివాటికి) ఉన్నవాళ్లకు. లయబిలిటీ మాత్రమే ఉండి తప్పు మనదైతే కంపెనీ ఎదుటివాడి కారు బాగు చేయిస్తుంది, మనది మన జేబులోంచే. తప్పు ఎదుటివాడిదైతే వాడి కంపెనీ మీద క్లెయిమ్ వేయొచ్చు. అక్కడ డిడక్టబుల్ ఉండదు, అద్దె కారు ఖర్చూ అడగొచ్చు. విలువ దగ్గర మాత్రం అదే పేచీ ఉంటుంది, పైగా అప్రైజల్ హక్కు మనకుండదు, ఆ పాలసీ మనది కాదు కాబట్టి. ఎదుటివాడి పాలసీ హద్దు కూడా చూసుకోవాలి. టెక్సస్‌లో ఆస్తి నష్టానికి కనీసం 25,000 డాలర్ల కవరేజీ ఉండాలి. కాలిఫోర్నియాలో ఆ కనీసం 5,000 దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయి, 2025 జనవరి 1న 15,000కు పెరిగింది.

చిన్న దెబ్బలకు నా సలహా, ఎస్టిమేట్ వచ్చాకే క్లెయిమ్ గురించి ఆలోచించండి. ఖర్చు 1,400, డిడక్టబుల్ 1,000 అయితే కంపెనీ ఇచ్చేది 400. తప్పు మనదైతే ఆ నాలుగొందల కోసం మూడు నుంచి ఐదేళ్లు పెరిగిన ప్రీమియం కట్టే ప్రమాదం ఉంది. క్లెయిముల చరిత్ర నమోదయ్యే క్లూ రిపోర్టులో అది ఏడేళ్లు కనిపిస్తుంది, కంపెనీ మారినా వెంటే వస్తుంది. ఎదుటివాడి కారుకు గీత పడినా, ఎవరికైనా నొప్పి అన్న మాట వచ్చినా ఈ పొదుపు లెక్క పక్కన పెట్టి వెంటనే కంపెనీకి చెప్పాలి. వడగళ్లు, దొంగతనం లాంటి కాంప్రహెన్సివ్ క్లెయిములు మాత్రం గుద్దిన క్లెయిమంత ప్రీమియం పెంచవు.

కారు మరీ పాతబడితే ఆ రెండు కవరేజీలు తీసేయాలా అన్నదానికి ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ ఇన్‌స్టిట్యూట్ ఒక మోటు కొలత చెబుతుంది. వాటికి ఏటా కట్టే ప్రీమియాన్ని పదితో హెచ్చించండి, కారు విలువ అంతకన్నా తక్కువైతే తీసేయడం గురించి ఆలోచించండి. డాలస్‌లో ఆరుబయట కారు పెట్టేవాళ్లు కొలిజన్ తీసేసినా కాంప్రహెన్సివ్ ఉంచుకోవడం మేలని నేనంటాను. దాని ప్రీమియం సాధారణంగా తక్కువే ఉంటుంది.

సొట్టల కామ్రీని ఉంచుకున్నవాళ్లు మాత్రం ఇంకొకటి తెలుసుకోవాలి. ఆ 4,700 బాగు చేయించడానికి వాడకపోతే అడిగేవాళ్లు లేరు, అప్పు లేని కారైతే డబ్బు మనదే. కానీ వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ వడగళ్లు పడితే పాత సొట్టల ఖర్చు తీసేసే కంపెనీ కొత్త లెక్క మొదలుపెడుతుంది. టాప్ మీద ఏ సొట్ట ఏ ఏడాదిదో తేల్చడానికి మొదటి క్లెయిమ్ నాటి ఫొటోలు వాళ్ల దగ్గర భద్రంగా ఉంటాయి.